52 మీటర్ల బూమ్ కింద 40 మిల్లీమీటర్లు: ఒక రాఫ్ట్ కాంక్రీటింగ్ కేస్ స్టడీ

హైదరాబాద్ పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరలో లేస్తున్న ఒక నివాస టవరుకు రాఫ్ట్ పునాది, అంటే భవనం కింద అంతటా పరిచే ఒకే మందపాటి కాంక్రీటు పలక, పోసినప్పుడు, గుత్తేదారు సంస్థ తరఫున యంత్ర విభాగం బాధ్యత నాది. ఆ పనికి మూడు వారాల ముందు, 62 మీటర్ల బూమ్ ప్లేసర్ (లారీ మీది మడత చేతుల బూమ్ ద్వారా కాంక్రీటును దూరానికి పంపు చేసే యంత్రం) ఒకటి కొనాలని యాజమాన్యానికి ప్రతిపాదన పంపింది నేనే. పని ముగిసిన నెల లోపే దాన్ని వెనక్కి తీసుకున్నదీ నేనే. ఆ నడుమ ఏం జరిగిందో, దాన్నిబట్టి పొడవాటి బూమ్ పంపులు ఇకపై ఏ దారిన మెరుగుపడాలని నాకు తోస్తోందో ఇక్కడ రాస్తున్నాను. యంత్రాన్ని అద్దెకు ఇచ్చినవారి పేరు, టవరు పేరు కేసుకు అవసరం లేదు కనుక వదిలేశాను.

రాఫ్ట్ కొలతలు 48 మీటర్లు, 36 మీటర్లు, మందం 1.8 మీటర్లు. అంటే దాదాపు 3,110 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, మధ్యలో ఆపకుండా పోయవలసినది. నేల మట్టం నుంచి రాఫ్ట్ పై తలం వరకు లోతు 14 మీటర్లు. తూర్పున, దక్షిణాన పొరుగు స్థలాలు గోడ దాకా ఉన్నందున ఆ వైపుల యంత్రం నిలిపే వీలు లేదు. పడమట ఒక లోపలి రోడ్డు, ఉత్తరాన తవ్వకం అంచుకూ ప్రహరీకీ మధ్య 16 మీటర్ల ఖాళీ స్థలం ఉన్నాయి. పడమట రెండు 42 మీటర్ల బూమ్ ప్లేసర్లు, ఉత్తరాన ఒక 52 మీటర్ల బూమ్ ప్లేసర్ నిలపాలని నిర్ణయించాం. ఒక్కో పంపు గంటకు సగటున 35 క్యూబిక్ మీటర్లు వేస్తుందని, కాంక్రీటు తెచ్చే 6 క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్ లారీలు 28 తిరుగుతాయని, శనివారం రాత్రి 9 గంటలకు మొదలుపెడితే సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు ముగుస్తుందని లెక్క వేసుకున్నాం. పంపు కేటలాగులో గంటకు 160 అని ఉంటుంది కానీ, మిక్సరు వెనక్కి వచ్చి పంపు తొట్టికి (హాపర్‌కు) తగలడం, ఖాళీ కావడం, తొలగడం, తర్వాతిది రావడం అన్నీ కలిపితే రాఫ్ట్ పనిలో 35, 40 దాటడం అరుదని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఇక బూమ్ పొడవు సంగతి. 52 మీటర్ల బూమ్ అంటే నేల నుంచి నిలువుగా పైకి అందే ఎత్తు. బూమ్ మొదలయ్యే తిరుగుడు కేంద్రమే నేలకు 4 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది కాబట్టి, అడ్డంగా చాపితే ఆ కేంద్రం నుంచి దక్కేది 47.5 మీటర్లే. దాన్ని 14 మీటర్ల లోతుకు దించాలి. కొసన వేలాడే 3 మీటర్ల రబ్బరు గొట్టాన్ని తీసివేస్తే బూమ్ కొస 15 మీటర్లు దిగాలి. కేంద్రం నుంచి కొస వరకు బూమ్‌ను ఒకే వాలుగా దించితే 45 మీటర్ల దూరం అందుతుందని కాగితం చెబుతుంది. కానీ తవ్వకం అంచు కేంద్రానికి 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, ఆ వాలు బూమ్ అంచు దగ్గర నేలకు మూడింట రెండు వంతుల మీటరు ఎత్తులోనే ఉంటుంది, అక్కడ మేము కట్టిన రక్షణ కంచె ఎత్తు 1.2 మీటర్లు. అందువల్ల మొదటి చేతిని సమతలంగా ఉంచి మిగతా చేతులను వాల్చాలి. అలా చేస్తే కేంద్రం నుంచి 44 మీటర్లు, అంచు నుంచి 34 మీటర్లు అందుతాయి. పూర్తిగా చాచిన బూమ్ ప్రతి పంపు దెబ్బకూ ఊగుతుంది కనుక ఏ ఆపరేటరైనా కొంత మడత ఉంచుకుంటాడు. చివరకు 52 అనే అంకెలో తవ్వకం లోపల మా చేతికి వచ్చింది 30 మీటర్లు. రాఫ్ట్ అంచు తవ్వకం అంచుకు మరో 3 మీటర్లు లోపల ఉంది కాబట్టి 36 మీటర్ల వెడల్పులో 27 మీటర్లే.

పడమటి 42 మీటర్ల యంత్రాలకు కూడా ఇదే లెక్క కట్టినప్పుడు ఆగ్నేయ మూల ఏ బూమ్‌కూ అందలేదు. అక్కడికి కడ్డీల మీదుగా గొట్టాలు పరిచి లైన్ పంపు పెట్టవలసి వచ్చింది. లైన్ పంపు అంటే మా మేస్త్రీలకు గిట్టదు. బిగింపులు విప్పడం, గొట్టాలు మోయడం, మళ్లీ బిగించడం రాత్రంతా సాగే పని. 62 మీటర్ల బూమ్ కొనాలన్న నా ప్రతిపాదన ఆ మూల నుంచే పుట్టింది.

శనివారం రాత్రి పని సక్రమంగానే మొదలైంది. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలు దాటాక, 52 మీటర్ల యంత్రం కొసగొట్టం పట్టుకున్న శ్రీకాకుళం కుర్రవాడు కింద నుంచి వాకీటాకీలో, "బాబూ, గొట్టం దానంతటదే దిగిపోతంది, ఓపాలి చూడండి" అన్నాడు. ఆపరేటరు రిమోట్ మీద చెయ్యి తీసేశాడు. బూమ్ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, పంపు దెబ్బకు అడుగు దాకా పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఊపులో ఒక జానెడు దిగుబాటును పట్టుకోవడం పై నుంచి చూసేవారి వల్ల కాదు. గొట్టాన్ని గంటల తరబడి కడుపుకు ఆనించుకుని నిలబడ్డవాడికి మాత్రం ఊపు నడిమి స్థానం మారిందని ఒళ్లే చెప్పింది.

నేను వెళ్లి చూసేసరికి, యంత్రం ఒరగకుండా పక్కలకు చాచి నేలకు ఆనించే నాలుగు కాళ్లలో తవ్వకం వైపున ఉన్న వెనక కాలు కింద చెక్క స్లీపర్ల వరుస ఒక మూల లోపలికి దిగి ఉంది. స్లీపర్ల చుట్టూ మొరం తడిగా మెరుస్తోంది. టేపుతో కొలిస్తే 40 మిల్లీమీటర్లు కుంగింది. కాళ్ల మధ్య దూరం 10 మీటర్లు, బూమ్ దూరం 44 మీటర్లు కాబట్టి ఆ 40 మిల్లీమీటర్లు కొస దగ్గర దాదాపు 18 సెంటీమీటర్లు. కుర్రవాడు చెప్పిన జానెడు లెక్కకు సరిపోయింది.

పంపు ఆపి, బూమ్‌ను తవ్వకం మీది నుంచి మెల్లగా లోపలికి మడిచి, హాపర్ ఖాళీ చేసి, స్పాంజి బంతితో గొట్టం శుభ్రం చేయించాను. 125 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు 12.3 లీటర్ల కాంక్రీటు, అంటే దాదాపు 29.5 కిలోలు ఉంటుంది. 50 మీటర్ల గొట్టం అంటే టన్నున్నర. ఆ బరువు కొస వైపు ఉండగానే కుంగిన కాలును జాకీతో లేపి సరిచేద్దామని ఆపరేటరు సూచించాడు, నేను ఒప్పుకోలేదు. బూమ్ చాచి ఉండగా కాలును కదపడం ఎన్నో ప్రమాదాలకు మూలమని అందరం చదివినదే. అయినా తెల్లవారుజామున నాలుగింటికి, కింద కాంక్రీటు గట్టిపడుతోందన్న కంగారులో, చదివినది గుర్తుకు రావడం అంత తేలిక కాదు.

యంత్రాన్ని మళ్లీ నిలిపి పంపింగు మొదలుపెట్టడానికి 2 గంటల 20 నిమిషాలు పట్టింది. ఈలోగా రెండు 42 మీటర్ల బూమ్‌లను అందినంత మేర తూర్పుకు తిప్పి, ఆగిన అంచు మీద పలుచటి పొర వేయించి, వైబ్రేటరుతో పాత పొరను కొత్త పొరకు కలిపించాం. మిశ్రమంలో గట్టిపడడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు ఉండబట్టి కోల్డ్ జాయింటు, అంటే పాత పొరకు కొత్తది అతుక్కోని బలహీనమైన అతుకు, పడలేదు. దారిలో ఉన్న మిక్సర్లలో నాలుగింటిని, లోడు చేసి రెండు గంటలు దాటినందున, వెనక్కి పంపేశాం. సోమవారం ఉదయం 9 గంటలకు పని ముగిసింది, అనుకున్నదానికన్నా ఆరు గంటలు ఆలస్యంగా.

కారణం వెతకడానికి ఎక్కువ సమయం పట్టలేదు. మూడు నెలల కిందట, తవ్వకంలో ఊరిన నీటిని బయటికి తోడే గొట్టం కోసం ఆ అంచున ఒక కాలువ తవ్వి, తర్వాత గొట్టాన్ని అందులోనే ఉంచి మట్టితో పూడ్చారు. పైన మొరం పరిచి రోలరు తిప్పినందున పైకి చూస్తే నేల అంతా ఒకేలా కనిపించింది. ఆ రాత్రి గొట్టం అతుకు ఒకటి కారుతూ పూడిక మట్టిని నానబెట్టింది. కాలి మీద గరిష్ఠ భారం ఎంతో యంత్రం మీదనే రాసి ఉంటుంది. ఈ యంత్రానికి అది 300 కిలోన్యూటన్లు, అంటే ఒక కాలి మీద సుమారు 30 టన్నులు. మేము పరిచిన స్లీపర్ల వైశాల్యం 1.44 చదరపు మీటర్లు కనుక నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు 208 కిలోన్యూటన్లు. గట్టి మొరానికి అది సమస్య కాదు, నానిన పూడిక మట్టికి చాలా ఎక్కువ. హైదరాబాద్ నేల రాతినేల అన్న ధీమాతో కాలి కింద ఏముందో ఎవరమూ తవ్వి చూడలేదు. ఈ ధీమా నగరంలో చాలా సైట్లలో చూశాను. రాయి నిజంగానే ఉంటుంది, కానీ కాలు ఆనేది దాని పైన మనుషులు తవ్వి పూడ్చిన మీటరున్నర మట్టి మీద.

రెండోసారి నిలిపినప్పుడు 2 మీటర్ల చదరపు, 25 మిల్లీమీటర్ల మందపు ఉక్కు పలకలను హైడ్రాతో తెచ్చి స్లీపర్ల కింద పరిచాం. హైడ్రా అంటే నగరంలో ఇప్పుడు వేరే సంగతి గుర్తొస్తుంది కానీ, సైటులో అది బరువు ఎత్తుకుని నడిచే చిన్న క్రేన్. కాలును కాలువకు అవతల, గట్టి నేల మీదికి జరిపాం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన విషయం వేరొకటి ఉంది. ఈ తరహా యంత్రాలు 3 డిగ్రీల వాలు వరకు నిలబడి పనిచేయవచ్చని తయారీదారులు అనుమతిస్తారు. మా యంత్రం ఆ రాత్రి వాలింది డిగ్రీలో పావు వంతు కూడా కాదు. ఆ యంత్రంలో నీటి బుడగ మట్టం తప్ప మరే సాధనమూ లేదు. ఒకవేళ ఎలక్ట్రానిక్ వాలు సూచిక ఉండి, 3 డిగ్రీలకు మోగేలా అమర్చి ఉన్నా, అది మోగేది కాదు. హద్దు దాటలేదు కాబట్టి అంతా బాగానే ఉందని చూపేది. ప్రమాదాన్ని తెలిపిన సంగతి వాలు ఎంత అన్నది కాదు, గంట కిందట లేని వాలు ఇప్పుడు ఉంది అన్నది. కుర్రవాడి ఒళ్లు కనిపెట్టింది ఆ మార్పునే. పొడవాటి బూమ్ యంత్రాల భవిష్యత్తు గురించి నన్ను ఒక్క కోరిక కోరమంటే, హద్దును కాపలా కాసే పరికరం కన్నా ముందు మార్పును గమనించే పరికరం కావాలంటాను. నాలుగు కాళ్లలోని హైడ్రాలిక్ ఒత్తిడినీ, చట్రపు వాలునూ పని మొదలైనప్పటి నుంచి వరుసగా నమోదు చేస్తూ, బూమ్ స్థానం మారకుండానే ఆ అంకెలు మారితే ఆపరేటరును హెచ్చరించాలి. ఇందుకు కావలసిన సెన్సర్లు కొత్త యంత్రాల్లో చాలావరకు ఇప్పటికే ఉన్నాయి, వాటిని అడగవలసిన ప్రశ్న మారాలి.

ఇప్పుడు 62 మీటర్ల ప్రతిపాదనకు వస్తాను. అదే లెక్క ఆ యంత్రానికి కడితే, తవ్వకం లోపల 38 మీటర్లు దక్కుతాయి, ఆగ్నేయ మూల దాదాపుగా అందుతుంది. కానీ మాకు చూపిన యంత్రం కాళ్లు చాచితే 13 మీటర్లు. తవ్వకం అంచు నుంచి దాన్ని ఇంకా వెనక్కి నిలపాలి కనుక, కేంద్రానికీ అంచుకూ మధ్య 13 మీటర్లు, కేంద్రానికి ఇవతల మరో ఆరున్నర, మొత్తం పందొమ్మిదిన్నర మీటర్ల స్థలం కావాలి. ఉత్తరాన ఉన్నది 16. ముందుకు జరుపుదామంటే, అంచు నుంచి 5 మీటర్ల లోపు కాలు పెట్టరాదని తవ్వకపు గోడలను డిజైన్ చేసిన కన్సల్టెంటు రాసి ఇచ్చారు. కొలతకు అందే యంత్రం నిలబడడానికి చోటు లేనిదైంది. ఆ తర్వాత మా చేతిలో ఉన్న మరో ఐదు సైట్ల నక్షాలు తెప్పించి ఇదే లెక్క కట్టాను. 62 మీటర్ల యంత్రం కాళ్లు పూర్తిగా చాచి నిలబడగలిగినది ఒక్క సైటులోనే.

పొడవు పెంచితే ఏమవుతుందో ఊరకే చెప్పేస్తే అర్థం కాదు. మీటరు బరువు మారదనుకున్నా, బూమ్ మొదలు దగ్గర పడే వంపు భారం పొడవు వర్గంతో పెరుగుతుంది. 52 నుంచి 62కు పోతే పొడవు పెరిగేది 19 శాతం, భారం పెరిగేది 42 శాతం. దాన్ని తట్టుకోవడానికి బరువైన ఉక్కు వాడితే రోడ్డు మీద ఇరుసు భారం మించుతుంది, అందుకే తయారీదారులు అధిక బలం గల పలుచని ఉక్కు వాడతారు. ఇక్కడొక చిక్కు ఉంది. ఉక్కు బలం పెరిగినంత మాత్రాన వెల్డింగు అతుకు అలసటను తట్టుకునే శక్తి ఆ మేరకు పెరగదు. ప్రతి పంపు దెబ్బకూ ఊగే బూమ్‌లో పగుళ్లు మొదలయ్యేది అతుకుల దగ్గరే. నేను పాత యంత్రం చూడడానికి వెళ్తే రంగు కొత్తగా వేసిన అతుకు దగ్గరికే ముందు వెళ్తాను.

ఈ పోటీ ఎక్కడిదాకా పోయిందో తెలియనిది కాదు. 2011లో చైనాకు చెందిన సానీ 86 మీటర్ల బూమ్‌ను, 2012లో జూమ్‌లయన్ ఏడు మడతల 101 మీటర్ల బూమ్‌ను గిన్నిస్ రికార్డుకు ఎక్కించాయి. రెండోదాంట్లో కొస చేతులకు కార్బన్ ఫైబర్ వాడారు. బరువు తగ్గించడానికి అది చక్కని దారే, కానీ దెబ్బ తగిలితే సైటులో వెల్డరును పిలిచి అతికించుకునే వస్తువు కాదు, మన దగ్గర దాన్ని మరమ్మతు చేసేవారు దొరకరు. అదే 2012లో ఇలాంటి పంపులు తయారుచేసే జర్మనీ సంస్థల్లో పుట్జ్‌మైస్టర్ సానీ చేతికి, ష్వింగ్‌లో అధిక వాటా చైనాకే చెందిన ఎక్స్‌సీఎంజీ చేతికి వెళ్లాయి. ఆ తర్వాత 101ని దాటే బూమ్‌ను పనిలో పెట్టాలన్న ఆత్రం నాకు కనిపించలేదు.

పొడవు నిజంగా ప్రాణం నిలిపిన సందర్భం ఒకటుంది. 2011 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం నాలుగో యూనిట్‌లో వాడేసిన ఇంధనం ఉంచే కొలనుకు నీరు అందించడానికి కాంక్రీటు బూమ్ పంపులనే వాడారు. జపాన్‌లో అందుబాటులోకి తెచ్చిన పుట్జ్‌మైస్టర్ 58 మీటర్ల యంత్రం, సానీ పంపిన 62 మీటర్ల యంత్రం అక్కడ ఉన్నాయి. అమెరికా నుంచి 70 మీటర్ల యంత్రాలను ఆంటొనోవ్ సరకు విమానాల్లో తరలించారు. మనిషి దగ్గరికి వెళ్లలేని చోటికి, కూలిన పైకప్పు మీదుగా, దూరం నుంచి కొసను గురిపెట్టగలగడమే అక్కడ కావలసింది. గొట్టంలో ఉన్నది నీరు కనుక మీటరుకు 29.5 కిలోల బదులు 12.3 కిలోలే, బూమ్ తేలికగా మోసింది. అటువంటి అవసరానికి 70 మీటర్లు కూడా ఎక్కువ కాదు. మా రాఫ్ట్‌కు మాత్రం అది కొలమానం కాదు.

ఎత్తైన టవర్లకు పొడవాటి బూమ్ కావాలన్న వాదన కూడా మా సమావేశంలో వచ్చింది. మన నగరంలో ఇప్పుడు లేస్తున్న 40, 50 అంతస్తుల టవర్లలో లారీ బూమ్ పని పోడియంతోనే, అంటే టవరు అడుగున ఉండే వెడల్పాటి అంతస్తులతోనే, ముగుస్తుంది. ఆ పైన నేల మీద స్థిరంగా ఉండే అధిక పీడన పంపు, టవరుతో పాటు పైకి ఎక్కే విడి ప్లేసింగ్ బూమ్ ఉంటాయి. 2008లో బుర్జ్ ఖలీఫాలో 606 మీటర్ల ఎత్తుకు కాంక్రీటు ఎక్కించింది అటువంటి స్థిర పంపే. పరిమాణం ఎక్కువైన చోట కూడా పొడవు పరిష్కారం కాదు. 2019 జనవరి 6, 7 తేదీల్లో పోలవరం ప్రాజెక్టు పనుల్లో 24 గంటల్లో 32,315.5 క్యూబిక్ మీటర్లు పోసి రికార్డు సాధించారు, అంటే గంటకు 1,346. ఏ ఒక్క యంత్రం వల్లా కాని పని అది, అనేక చోట్ల ఏకకాలంలో పోస్తేనే అయ్యేది.

డీజిల్ గురించి ఒక మాట. గంటకు 35 క్యూబిక్ మీటర్లను 50 బార్ పీడనంతో నెట్టడానికి కావలసిన శక్తి 50 కిలోవాట్లకు కొంచెం తక్కువ, నష్టాలు కలుపుకుంటే 70 దాకా. దానికోసం 300 కిలోవాట్ల లారీ ఇంజను రాత్రంతా గర్జిస్తుంది, పక్క అపార్ట్‌మెంట్లవారు ఫోన్లు చేస్తూనే ఉంటారు. సైటు కరెంటుకు తగిలించి నడిపే హైబ్రిడ్ బూమ్ పంపులను తయారీదారులు కొందరు ఇప్పటికే చూపించారు. పనికొచ్చే ఆలోచనే, అయితే సైటులో ఉన్న కరెంటు జనరేటరుదే అయితే గర్జన ఒక మూల నుంచి ఇంకో మూలకు మారుతుంది, అంతే.

నేను రాసిన రెండో నోటులో, 62 మీటర్ల యంత్రం ధరలో 47 మీటర్ల యంత్రం ఒకటి కొని, మిగిలిన దానితో ఉక్కు పలకలు, గొట్టం మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు కొనాలని, ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే పొడవును అద్దెకు తెచ్చుకోవాలని సూచించాను. కొనే యంత్రానికి మేము పెట్టిన షరతు ఒకటే. స్థలం చాలక ఒక వైపు కాళ్లు సగమే చాచినప్పుడు, ఎంత చాచారో యంత్రమే కొలిచి, బూమ్ ఏ కోణాల్లో తిరగవచ్చో లెక్కగట్టి, మిగతా దిశల్లోకి పోనివ్వకుండా ఆపాలి. ఇరుకు నగరాల్లో ఐదు మీటర్ల అదనపు పొడవు కన్నా ఈ ఒక్క సదుపాయం ఎక్కువ రాఫ్ట్‌లను అందుకుంటుందని నా అంచనా. కాళ్ల ఒత్తిడిని వరుసగా నమోదు చేసే పద్ధతి ఆ యంత్రంలో ఉంది కానీ, మార్పును బట్టి హెచ్చరించే పద్ధతి లేదు. అందుకని మా ఆపరేటరు ప్రతి అరగంటకూ నాలుగు అంకెలనూ పుస్తకంలో రాస్తున్నాడు.

అదే ప్రాంగణంలో రెండో టవరు రాఫ్ట్‌కు, యంత్రాలు నిలిపే ప్రతి కాలి చోటునా ముందుగా మీటరున్నర లోతు పరీక్ష గుంత తవ్వించాం. పన్నెండు చోట్లలో రెండింట పాత పూడిక బయటపడింది, ఒకదాంట్లో ఎవరికీ తెలియని కేబుల్ కూడా. ఆ రెండు చోట్లనూ పీసీసీతో, అంటే కడ్డీలు లేని సాదా కాంక్రీటుతో, నింపించాం. కొసగొట్టం దగ్గర అదే శ్రీకాకుళం కుర్రవాడిని ఉంచమని మేస్త్రీని అడిగాను, ఉంచాడు. ఆ రాఫ్ట్‌లోనూ బూమ్‌లకు అందని మూల ఒకటి మిగిలింది, అక్కడికి మళ్లీ లైన్ పంపే వేశాం.